మనిషికి బదులు మర

మనిషి ఇల్లు కదలడు. అతని తరఫున ఒక యంత్రదేహం వీధిలోకి వెళ్తుంది. అతను దాని కళ్లతో చూస్తాడు, దాని చేతులతో పనిచేస్తాడు, దాని ముఖంతోనే లోకానికి పరిచయమవుతాడు. సైన్స్ ఫిక్షన్ సినిమాలో ఇదొక ప్రత్యేకమైన శాఖ. ఈ కోవలో ఎక్కువమందికి తెలిసిన చిత్రం ‘సరోగేట్స్’. జోనథన్ మోస్టో దర్శకత్వంలో, బ్రూస్ విల్లిస్ కథానాయకుడిగా 2009 సెప్టెంబరు 25న అమెరికాలో విడుదలైంది. అంతకు ముందు ఏడాదే వచ్చినా అంత పేరు పడని చిత్రం అలెక్స్ రివేరా తీసిన ‘స్లీప్ డీలర్’. 2009 డిసెంబరులో వచ్చిన జేమ్స్ కామెరన్ ‘అవతార్’ కూడా ఈ కుటుంబానిదే, కాకపోతే అందులో మారుదేహం మర కాదు, ప్రయోగశాలలో పెంచిన జీవి.

ఈ చిత్రాలను నిజామాబాద్, బోధన్ ప్రాంతం నుంచి చూస్తే కనిపించేది వేరు. దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి అని మూడు దారులు చెప్పుకున్న తెలంగాణలో, మొదటి దారి పట్టినవాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఇదొకటి. దేహం ఒక దేశంలో, ఇల్లు ఇంకో దేశంలో ఉండటం ఇక్కడ చాలా కుటుంబాలకు అనుభవం. అందుకే ఇక్కడి ప్రేక్షకుడు ఈ సినిమాలను అడగవలసిన ప్రశ్న ‘మర మనిషిలా ఉందా’ అన్నది కాదు. ఎవరికి బదులుగా ఎవరు వెళ్తున్నారు, ప్రమాదం ఎవరి మీద పడుతోంది, కూలి ఎవరికి అందుతోంది అన్నవి అసలు ప్రశ్నలు.

పాత కథల్లో మారుమనుషులు

బోధన్‌నే భారతంలోని ఏకచక్రపురమని స్థానికులు చెప్పుకుంటారు. చరిత్రకారులు ఈ ఊరిని అస్మక జనపదపు రాజధాని పోదనతో ముడిపెడతారు. ఏకచక్రపురం కథ తెలుగు ఇళ్లలో పిల్లలకు చెప్పే కథే. వంతుల వారీగా ఇంటికొక మనిషి, బండెడు అన్నంతో బకాసురుడి దగ్గరికి వెళ్లాలి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి వంతు వచ్చినప్పుడు, ఆ ఇంటివాళ్లకు బదులుగా కుంతి భీముణ్ణి పంపుతుంది. చావు ఖాయమైన చోటికి చావని దేహాన్ని పంపడం ఈ కథకు ప్రాణం. ఈనాడు రోబోను సొరంగంలోకి పంపేటప్పుడు పనిచేసే ఆలోచన కూడా ఇదే.

ఇంకో రకం కథ సూర్యుడి భార్య సంజ్ఞది. భర్త వేడిమి భరించలేక తన నీడకు ప్రాణం పోసి, ఛాయ అని పేరు పెట్టి, ఇంట్లో ఉంచి వెళ్లిపోతుంది. రూపంలో తేడా లేదు కనుక సూర్యుడు పోల్చుకోలేకపోయాడు. రహస్యం బయటపడింది పిల్లల దగ్గర. ఛాయ తన కన్నపిల్లలను ఒకలా, సంజ్ఞ పిల్లలను ఒకలా చూసింది; యముడికి అనుమానం వచ్చింది. మారుమనిషిని ముఖం పట్టివ్వదు, ప్రేమలో లోటు పట్టిస్తుందన్న ఈ ఎరుక ఎంత పాతదో చూడండి. మారన తెనిగించిన మార్కండేయ పురాణం నుంచే కథాబీజం తీసుకుని పెద్దన రాసిన మనుచరిత్రలో మాయాప్రవరుడు ఉన్నాడు. వరూధిని కాదన్న గంధర్వుడు, ఆమె వలచిన ప్రవరుడి రూపు దాల్చి ఆమెను చేరతాడు. రూపం ఒకరిది, మనసు ఇంకొకరిది. హాలీవుడ్ ‘సరోగేట్స్’లో ఒక అందగత్తె దేహం లోపల అసలు ఎవరున్నారో తెలియక తికమకపడే ఘట్టం వస్తుంది, మనుచరిత్ర చదివినవాళ్లకు అది అపరిచితంగా ఉండదు.

‘సరోగేట్స్’ కథ, కథకు వెనక కథ

సినిమాకు మూలం ఒక కామిక్. రాబర్ట్ వెండిట్టి రాయగా బ్రెట్ వెల్డెల్ బొమ్మలు వేశాడు. టాప్ షెల్ఫ్ సంస్థ 2005, 2006 సంవత్సరాల్లో ఐదు సంచికలుగా ప్రచురించింది. రాసే నాటికి వెండిట్టి అదే సంస్థలో పుస్తకాలు ప్యాక్ చేసి పంపే ఉద్యోగి. ఆయనకు ఊహ ఇచ్చిన పుస్తకం ‘ది సైబర్‌జిప్సీస్’. ఇంటర్నెట్ తొలిరోజుల్లో తెర మీది మారుపేర్లలో మునిగిపోయి ఉద్యోగాలు, కాపురాలు పోగొట్టుకున్నవాళ్ల గురించి 1999లో వచ్చింది ఆ రచన. రాసినది భారతీయ మూలాలున్న ఇంద్రా సిన్హా; భోపాల్ విషవాయువు బాధితుల జీవితం ఆధారంగా ‘యానిమల్స్ పీపుల్’ నవల రాసినదీ ఆయనే. యంత్రదేహాల హాలీవుడ్ సినిమా వెనక, దెబ్బతిన్న మానవదేహాల గురించి అంతగా పట్టించుకున్న రచయిత ఉన్నాడన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

సినిమాలో దాదాపు అందరూ ఇంట్లో కుర్చీలో వాలి, తలకు తీగలు తగిలించుకుని, తమ సరోగేట్‌ను ఉద్యోగానికి పంపుతారు. ముడతలు లేని ముఖాలు, అలసిపోని కాళ్లు. ముసలివాళ్లకు యువదేహం, లావుగా ఉన్నవాళ్లకు సన్నని దేహం. కావాలంటే మగవాడు ఆడదేహం నడపవచ్చు. ఈ మరలను తయారుచేసే కంపెనీ పేరు వి.ఎస్.ఐ. వీటిని ఒప్పుకోని కొద్దిమంది వేరే పేటల్లో, యంత్రాలకు ప్రవేశం లేని హద్దుల్లో బతుకుతుంటారు. వాళ్ల నాయకుణ్ణి ప్రవక్త అంటారు.

నేరాలు దాదాపు అంతరించిన ఆ లోకంలో ఒక రాత్రి రెండు సరోగేట్లు వీధిలో కాలిపోతాయి. విడ్డూరం ఏమిటంటే, ఇళ్లలో కుర్చీల్లో ఉన్న వాటి యజమానులూ చచ్చిపడి ఉంటారు. మర పోయినా మనిషికి ఏమీ కాదన్న హామీ మీదే ఆ వ్యాపారమంతా నడుస్తోంది. ఆ హామీ తప్పింది. చనిపోయిన ఇద్దరిలో ఒకడు సరోగేట్లను కనిపెట్టిన శాస్త్రవేత్త కాంటర్ కొడుకు. ఆ రాత్రి తండ్రి మరను వాడుకుంటున్నాడు. ఎఫ్‌.బి.ఐ. అధికారి టామ్ గ్రీర్ దర్యాప్తు మొదలుపెడతాడు. తరుముకుంటూ పోయి తన మరను పోగొట్టుకున్నాక, ఏళ్ల తర్వాత సొంత దేహంతో వీధిలో నడవవలసి వస్తుంది. సినిమాలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న భాగం ఇదే. గడ్డం నెరిసి, తలకు కట్టుతో ఉన్న విల్లిస్, పక్కనుంచి నున్నటి ముఖాలు వేగంగా దూసుకుపోతుంటే ఉలిక్కిపడుతూ, గోడ పట్టుకుని నడుస్తాడు.

ఇంట్లో పరిస్థితి ఇంకా దారుణం. కొడుకు ప్రమాదంలో చనిపోయిన తర్వాత అతని భార్య మ్యాగీ గది తలుపు వేసుకుంది. భర్తకు కనిపించేది ఆమె మర మాత్రమే. ఒకే కప్పు కింద ఉన్న భార్య ముఖం చూడటానికి అతను బతిమాలవలసి వస్తుంది. మ్యాగీగా రోసమండ్ పైక్, ప్రవక్తగా వింగ్ రేమ్స్, కాంటర్‌గా జేమ్స్ క్రామ్‌వెల్ నటించారు. తన కనుగోలే కొడుకును మింగేసరికి కాంటర్ లోకంలోని సరోగేట్లన్నిటినీ, వాటితోపాటు వాటిని నడిపేవాళ్లనూ తుడిచేయాలని పూనుకుంటాడు. ప్రవక్త కూడా అతను నడిపిన మరేనని చివర్లో తేలుతుంది. గ్రీర్ మనుషులను కాపాడతాడు, మరలను కాపాడడు. నగరమంతా యంత్రాలు ఉన్నచోటే కుప్పకూలుతాయి. పడకదుస్తుల్లో, చెప్పులైనా లేకుండా జనం వాకిళ్లలోకి వస్తారు.

కామిక్ ముగింపు ఇంత దయగా ఉండదు. అక్కడ మరలు ఆగిపోయాక భార్య ప్రాణం తీసుకుంటుంది. 2054లో జరిగే ఆ కథలో కథానాయకుడి పేరు హార్వీ గ్రీర్. సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన మైకేల్ ఫెరిస్, జాన్ బ్రాంకాటో జంట మోస్టోతో కలిసి అంతకుముందు ‘టెర్మినేటర్ 3’ చేసినవాళ్లు. ముగింపు మార్చడం వాళ్లకు వ్యాపారపరంగా అవసరమై ఉండవచ్చు, కానీ కథ అడిగినది కామిక్ ముగింపే. దాదాపు 8 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన చిత్రం ప్రపంచవ్యాప్తంగా 12 కోట్ల డాలర్ల పైచిలుకు వసూలు చేసింది. 89 నిమిషాల నిడివిలో హత్యల దర్యాప్తు ఎక్కువ చోటు తీసుకుంది, మ్యాగీ గది తక్కువ చోటు తీసుకుంది. విమర్శకులు పెదవి విరవడానికి కారణం చాలావరకు అదే.

పేర్లు పడేటప్పుడు కనిపించే ఒక దృశ్యం మాత్రం కల్పన కాదు. జపాన్ ఒసాకా విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త హిరోషి ఇషిగురో, 2006లో తన పోలికతోనే తయారుచేసిన జెమినాయిడ్ రోబో పక్కన కనిపిస్తారు. జుట్టుతో సహా ఆయన నకలు అది. దూరాన కూర్చుని దాని నోటితో మాట్లాడటానికే దాన్ని చేశారు.

కార్మికుడు లేని కూలి

‘సరోగేట్స్’ కథ డబ్బున్నవాళ్ల ఇళ్లలో జరుగుతుంది. ‘స్లీప్ డీలర్’ కథ కూలీల దగ్గర మొదలవుతుంది. మెక్సికోలో ఓహాకా ప్రాంతపు పల్లె అది. నదికి ఒక కంపెనీ ఆనకట్ట కట్టింది. తాతల నాటి పొలానికి నీళ్లు కావాలంటే తుపాకుల పహారాలో ఉన్న గేటు దగ్గర డబ్బు చెల్లించాలి. మెమో అనే కుర్రాడు సరదాగా కట్టుకున్న రేడియో పరికరంతో సైన్యపు సంభాషణ వింటాడు. తీవ్రవాది స్థావరమని పొరబడి డ్రోన్ వాళ్ల ఇంటిని పేల్చేస్తుంది, తండ్రి చనిపోతాడు. కుటుంబాన్ని పోషించడానికి మెమో సరిహద్దు పట్టణం తిహువానాకు చేరతాడు.

అక్కడ గోడ దాటి అమెరికా వెళ్లే పని లేదు. చేతుల మీద, వీపు మీద లోహపు సాకెట్లు గుచ్చుతారు. షెడ్డులో వరుసగా నిలబడి, ఆ సాకెట్లకు తీగలు తగిలించుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుంటే చాలు. తిహువానాలో చెయ్యి ఎత్తితే, శాన్ డియేగోలో కడుతున్న అంతస్తుల మేడ మీద రోబో చెయ్యి ఎత్తుతుంది. మెమో అక్కడ వెల్డింగు చేస్తాడు. పక్కన ఒకరు తోటలో పళ్లు కోస్తుంటారు, ఇంకొకరు ఎవరి బిడ్డనో ఆడిస్తుంటారు. కరెంటు పోటెక్కితే చూపు పోవచ్చు. మనుషులు నిలబడిన చోటే కూలబడేదాకా పనిచేస్తారు కాబట్టి అలాంటి షెడ్లకు ‘స్లీప్ డీలర్’ అన్న పేరు వచ్చింది. సంపాదన ఇంటికి పంపేటప్పుడు కమీషన్లు పోతుంటాయి. 2008 సండాన్స్ ఉత్సవంలో స్క్రీన్‌ప్లేకు వాల్డో సాల్ట్ పురస్కారం, సైన్సు ఇతివృత్తానికి ఇచ్చే ఆల్ఫ్రెడ్ పి. స్లోన్ బహుమతి ఈ చిత్రానికి దక్కాయి. దీనికి బీజం రివేరా 1997లో తీసిన ‘వై సైబ్రాసెరోస్?’ అనే చిన్న వ్యంగ్యచిత్రం. 1942 నుంచి 1964 దాకా మెక్సికో కూలీలను కాంట్రాక్టు మీద అమెరికా పొలాలకు రప్పించిన బ్రాసెరో పథకాన్ని ఆయన అందులో గుర్తుచేశారు: అమెరికాకు కూలి పని కావాలి, కూలీలు అక్కర్లేదు.

ఈ వాక్యం అర్థం కావడానికి నిజామాబాద్ జిల్లావాసికి వివరణ అక్కర్లేదు. ఏజెంటుకు కట్టిన అప్పు, కంపెనీ వీసానా, ఏ కంపెనీకీ కట్టుబడని ఆజాద్ వీసానా అన్న తర్జనభర్జన, కఫీలు (అక్కడి యజమాని) చేతికి పోయిన పాస్‌పోర్టు, కాగితాలు చెల్లక ఖల్లివల్లి అయిపోవడం, తిరుగుప్రయాణానికి ఔట్‌పాస్ కోసం ఎదురుచూపు: ఇవన్నీ ఆర్మూర్, బాల్కొండ, బోధన్ వైపు మామూలు మాటల్లో దొర్లే సంగతులు. ఊళ్లో పెళ్లి జరుగుతుంటే ఎవరో ఒకరు ఫోను చేత్తో పట్టుకుని పందిరంతా తిప్పుతుంటారు. అటువైపు లేబర్ క్యాంపు మంచం మీద కూర్చున్న తండ్రి కూతురి తలంబ్రాలు చూస్తుంటాడు. ఈ కుటుంబాల్లో చూపు సముద్రం దాటి ఇంటికి వస్తుంది, చేతులు అక్కడే పనిలో ఉండిపోతాయి. రివేరా సినిమాలో దీనికి తలకిందులు: దేహం ఇంటి దేశంలో ఉంటుంది, చేతులు పరదేశంలో పనిచేస్తాయి.

ఆ తలకిందుల ఏర్పాటు మేలా అని ఎవరైనా అడగవచ్చు. ఎడారి ఎండ తప్పుతుంది, పెట్టెలో తిరిగొచ్చే శవం తప్పుతుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. ఆ మరణాలు ఎంత పెద్ద సమస్య అయితే అలాంటి ఉత్తర్వు వస్తుంది! కానీ మనిషి అక్కడ కళ్ల ఎదుట ఉండటంలో ఒక బలమూ ఉంది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ముందు ఖతార్ కార్మికుల బతుకు మీద లోకం చూపు పడింది; 2020లోనే యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలును ఆ దేశం చట్టంలో కల్పించింది. కార్మికుడు షెడ్డులో తీగలకు వేలాడుతూ, ఏ దేశపు చట్టం తనకు వర్తిస్తుందో తెలియని స్థితిలో ఉంటే ఆ మాత్రం గొంతు కూడా ఉండదు. ‘స్లీప్ డీలర్’ చెప్పేది ఇదే, చెప్పినది నిజమే.

నీళ్ల కథ కూడా ఇక్కడికి దగ్గరే. మంజీర నది మీద నిజాంసాగర్‌ను 1923 నుంచి 1931 దాకా నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో కట్టారు. పల్లెలు మునిగాయి, ఆయకట్టు పచ్చబడింది. ఆ నీళ్ల ఆసరాతోనే బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పాటైంది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు పొందిన ఆ ఫ్యాక్టరీలో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తర్వాత చెరుకు వేసినవాళ్లు కామారెడ్డి వైపు మిల్లులకు తోలుకోవలసి వచ్చింది, చాలామంది వరికి మళ్లారు. ఇక్కడ కార్మికుడి స్థానంలోకి మర రాలేదు. మర ఆగిపోయింది, కార్మికుడూ ఆగిపోయాడు. యంత్రాలు మనుషుల పని లాక్కుంటాయని భయపెట్టే సినిమాల్లో ఈ రెండో రకం నష్టం కనిపించదు.

తెలుగు తెర మీద

తెలుగువాళ్లు చూసిన రోబో కథల్లో పెద్దది శంకర్ తమిళ చిత్రం ‘ఎందిరన్’కు తెలుగు రూపం ‘రోబో’ (2010). శాస్త్రవేత్త వశీకరణ్ తన ముఖంతోనే చిట్టిని తయారుచేస్తాడు. ఎందుకోసం? సైన్యంలో మనుషులకు బదులుగా నిలబడటానికి. మొదట్లో కథ ఏకచక్రపురం దారిలోనే నడుస్తుంది. చిట్టికి మనసు పుట్టి, సృష్టికర్త ప్రేమించిన అమ్మాయినే కోరేసరికి మాయాప్రవరుడి దారిలోకి మళ్లుతుంది. యాంత్రిక బొమ్మల పని చేసినది హాలీవుడ్ లెగసీ ఎఫెక్ట్స్ సంస్థ. తెలుగు ప్రేక్షకుడికి రజనీకాంత్ అంటే ఏళ్ల తరబడి వినబడుతున్న గొంతు గాయకుడు మనోది, కమల్‌హాసన్ అంటే చాలా చిత్రాల్లో ఎస్‌.పి. బాలసుబ్రహ్మణ్యానిది. ఒకరి దేహం, ఇంకొకరి గొంతు కలిసి ఒక మనిషిగా ఒప్పించే విద్య మన డబ్బింగ్ థియేటర్లకు దశాబ్దాలుగా తెలుసు.

పూరి జగన్నాథ్ ‘ఇస్మార్ట్ శంకర్’ (2019)లో చనిపోయిన పోలీసు అధికారి జ్ఞాపకాలను ఒక కిరాయి హంతకుడి తలలోకి ఎక్కిస్తారు. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) కాలయంత్రం కథ. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏ.డి.’ (2024)లో బుజ్జి అనే వాహనానికి మనసుంది, మాట ఉంది. అందులోనే అమితాబ్ బచ్చన్‌ను యువ అశ్వత్థామగా చూపడానికి ముఖం మీద వయసు తగ్గించారు. ‘సరోగేట్స్’లో విల్లిస్ మరకు చేసినదీ అలాంటి పనే: విగ్గు, మేకప్పు, ఆపైన కంప్యూటర్‌తో ముడతల తుడుపు. సాంకేతికత విషయంలో తెలుగు సినిమా వెనకబడి లేదు. అయితే పనిమనిషి, కూలీ, వలస కార్మికుడు తన బదులు మరను నడిపే కథను అది ఇంకా చేతిలోకి తీసుకోలేదు.

నిజం మరలు

దూరం నుంచి నడిపే చేతుల ఊహ రాబర్ట్ హైన్‌లైన్ 1942లో రాసిన ‘వాల్డో’ కథలో స్పష్టంగా ఉంది. అణుధార్మిక పదార్థాలను తాకకుండా పనిచేయడానికి అమెరికా ఆర్గాన్ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్స్ ఆ దశాబ్దపు చివర్లో నిజం యాంత్రిక హస్తాలను తయారుచేశాడు. వాటికి జనం హైన్‌లైన్ కథ పేరే పెట్టారు. 1980లో మార్విన్ మిన్‌స్కీ ‘టెలిప్రెజెన్స్’ అన్న వ్యాసంలో, ఒక దేశంలో కూర్చుని ఇంకో దేశంలో ఉద్యోగం చేసే రోజు గురించి రాశాడు. 2001 సెప్టెంబరు 7న న్యూయార్క్‌లోని ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో, స్ట్రాస్‌బోర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయాన్ని రోబో చేతులతో తొలగించాడు. మనదేశంలో 2018 డిసెంబరులో డాక్టర్ తేజస్ పటేల్, గాంధీనగర్ అక్షరధామ్ నుంచి 32 కిలోమీటర్ల దూరంలో అహ్మదాబాద్ ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె రక్తనాళానికి చికిత్స చేశారు.

టోక్యోలో 2021 నుంచి నడుస్తున్న ‘డాన్’ కాఫీ హోటల్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడ బల్లల దగ్గరికి వచ్చి ఆర్డరు తీసుకునే ఒరిహిమే రోబోలను నడిపేవాళ్లలో కండరాల జబ్బులతో ఇళ్లలో మంచం పట్టినవాళ్లు ఉన్నారు. కొందరు కనుచూపు కదలికతోనే నడుపుతారు. వాళ్లకు జీతం వస్తుంది, మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు. సరోగేట్ల సినిమా ఏకాంతాన్ని శాపంగా చూపింది; ఇక్కడ అదే సాధనం ఏకాంతం నుంచి బయటికి తెచ్చింది. జపాన్‌లోనే ఫ్యామిలీమార్ట్ దుకాణాల్లో శీతలపానీయాల సీసాలు సర్దే రోబోలు తడబడినప్పుడు, వాటిని అదుపులోకి తీసుకుని సరిదిద్దేవాళ్లు ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో కూర్చుని ఉంటారు. రివేరా ఊహకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

గల్ఫ్ నుంచే ఇంకో ఉదాహరణ ఉంది. ఒంటె పందేల్లో బరువు తక్కువని చిన్నపిల్లలను జాకీలుగా ఎక్కించేవారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్ లాంటి దేశాల పేద కుటుంబాల పిల్లలు వాళ్లు, పడిపోయి చచ్చినవాళ్లున్నారు. మానవహక్కుల సంఘాల ఒత్తిడి పెరిగాక ఖతార్, యూఏఈలు 2005 నాటికి పిల్లలను నిషేధించి, రోబోలను తెచ్చాయి. ఖతార్ కోసం తొలి యంత్రాలు చేసిన కంపెనీ స్విట్జర్లాండ్‌కు చెందిన కె-టీమ్. ఒంటెలు బెదరకుండా మొదటి రోబోలకు బొమ్మ ముఖం, టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టి, జాకీలు వాడే అత్తరు కూడా పూశారు. తర్వాత ముఖం అవసరం లేదని తేలింది. ఇప్పుడవి రంగుబట్ట చుట్టిన చిన్న పెట్టెలు. బ్యాటరీ డ్రిల్లు మోటారుకు కొరడా బిగించి ఉంటుంది, పక్కనే చిన్న స్పీకరు. పందెం బాట పక్క రోడ్డు మీద కారులో దూసుకుపోతూ, యజమాని ఒక చేత్తో రిమోట్ నొక్కుతూ వాకీటాకీలో ఒంటెను అదిలిస్తాడు. ఆ ఎడారుల్లోనే ఒంటెల కాపలాకు కుదిరిన తెలంగాణవాళ్లూ ఉన్నారు. పందెంలో స్వారీ చేసే పిల్లవాడికి బదులు దొరికింది, ఏడాది పొడుగునా ఆ ఒంటెను మేపే మనిషికి దొరకలేదు.

తెలంగాణలో ఈ యంత్రాలు దిగిన ఘట్టాల్లో బాధాకరమైనది శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. కూలిన చోటు సొరంగంలో దాదాపు 14 కిలోమీటర్ల లోపల. బురద, ఊటనీరు, మళ్లీ కూలుతుందన్న భయం. సహాయక సిబ్బందిని ముందుకు పంపడమే ప్రమాదం కాబట్టి మార్చిలో హైదరాబాద్ అన్వీ రోబోటిక్స్ యంత్రాలను దింపారు. ఏప్రిల్ చివరికి వెలికితీయగలిగినది ఇద్దరి మృతదేహాలనే. మరలు ప్రాణాలు నిలబెట్టలేకపోయాయి. అయినా ఆ బురద అంచున ఇంకో మనిషిని నిలబెట్టకుండా చేసిన ఆ ప్రయత్నం సరైనది. ప్రమాదం జరిగాక దిగిన యంత్రం తవ్వేటప్పుడే ఉండవలసింది.

మురుగు గుంతల విషయమూ అంతే. మనిషిని దింపకూడదని 2013 నుంచి చట్టం ఉంది. కేరళ కుర్రాళ్ల బాండికూట్ రోబో 2018లో తిరువనంతపురంలో పనిలోకి దిగింది. ఊరూరికీ అలాంటిది చేరి ఉంటే ఆ గుంతల్లో ఊపిరాడక పోయిన ప్రాణాలు నిలిచేవి. వరిచేలలో మందు కొట్టే డ్రోన్లు మాత్రం త్వరగా అలవాటయ్యాయి. వీపున ట్యాంకు మోస్తూ, మడిలో నడుస్తూ, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పీల్చే విషం తప్పుతుంది. గట్టు మీద నిలబడి నడిపితే సరిపోతుంది. స్వయంసహాయక సంఘాల మహిళలకు 15,000 డ్రోన్లు ఇవ్వాలని కేంద్రం ‘నమో డ్రోన్ దీదీ’ పథకాన్ని 2023లో తెచ్చింది. మందు కొట్టే కూలి మీద బతికినవాళ్లు తర్వాత ఏ పనికి వెళ్లాలన్నది ఆ పథకంలో లేదు.

ఈ ఇతివృత్తంలో వచ్చిన చిత్రాల్లో ఒక్కటే చూడగలిగితే ‘స్లీప్ డీలర్’ చూడాలి. రెండోది చూసే తీరిక ఉంటే ‘సరోగేట్స్’, అదీ కామిక్ చదివాక. నిజామాబాద్ జిల్లా తెలుగు సినిమాకు దిల్ రాజు లాంటి నిర్మాతను, నితిన్ లాంటి నటుణ్ణి ఇచ్చింది. దిల్ రాజు నిర్మించిన శేఖర్ కమ్ముల ‘ఫిదా’ (2017) బాన్సువాడ పొలాలను, అక్కడి మాటను లోకానికి చూపింది. అందులో పరదేశమంటే అమెరికా. అదే ఏడాది పి. సునీల్‌కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ తీసి రెండో పరదేశం వైపు చూశారు. సైన్స్ ఫిక్షన్ రాయాలనుకునే తెలుగు కుర్రాళ్లు కథ కోసం అంతరిక్షం దాకా పోనక్కర్లేదు. బోధన్ బస్టాండులో దిగి, దుబాయి నుంచి తిరిగొచ్చిన నలుగురితో మాట్లాడి, ‘మీ చేతులు మాత్రమే అక్కడికి వెళ్లి, మీరు ఇక్కడే ఉండగలిగితే ఒప్పుకునేవారా, ఎంత కూలికి?’ అని అడిగితే స్క్రీన్‌ప్లేలో మొదటి సగం చేతికొస్తుంది. ఆ పని ఎవరైనా త్వరగా మొదలుపెట్టాలి.